కాంట్రాస్ట్ స్కాన్ తర్వాత ఒంట్లో తేడా చేస్తే ఏం చేయాలి?

సీటీ స్కాన్ తీసేటప్పుడు రక్తనాళాలు, గడ్డలు స్పష్టంగా కనపడాలని చేతి నరంలోకి ఒక మందు ఎక్కిస్తారు. కాంట్రాస్ట్ అన్నా, డై అన్నా అదే. సీటీలో వాడేదాంట్లో అయోడిన్ ఉంటుంది, ఎమ్మారైలో వాడేదాంట్లో గడోలినియం ఉంటుంది. ఎక్కువమందికి ఏమీ కాదు. పడనివాళ్లలో కూడా చాలామందికి దురద, దద్దుర్లతో పోతుంది. అయితే కోనసీమవాళ్లకు, లంకల్లో ఉండేవాళ్లకు ఒక చిక్కుంది. స్కాన్ కాకినాడలోనో, రాజమండ్రిలోనో, భీమవరంలోనో. ఇల్లు ఏటికి అవతల. రాత్రి ఒళ్లంతా దద్దుర్లు లేచాక ఎవరిని అడగాలో తెలియక ఇంటిల్లిపాదికీ టెన్షన్. అందుకే సగం పని స్కానింగ్ సెంటర్‌లో ఉండగానే చేసుకోవాలి.

1. సూది పెట్టకముందే చెప్పాల్సినవి చెప్పండి

గతంలో ఈ మందు పడకపోయి ఉంటే అది అన్నిటికన్నా ముందు చెప్పాలి. ఆ తర్వాత ఆస్తమా, కిడ్నీ జబ్బు, థైరాయిడ్, వేసుకుంటున్న షుగర్ బిళ్లలు. గర్భం ఉన్నా, ఉందేమోనని అనుమానం ఉన్నా చెప్పాలి.

ఇక రొయ్యల సంగతి. చెరువుగట్టు లేని ఊరు లేని మన డెల్టాలో, రొయ్యలు పడనివాళ్లు ప్రతి చుట్టరికంలోనూ ఒకరుంటారు. రొయ్యలో అయోడిన్ ఉంటుంది, ఈ మందులోనూ ఉంటుంది, కాబట్టి స్కాన్ వద్దని ఎవరో అంటారు, మనిషి భయపడి వెనక్కొచ్చేస్తాడు. ఇది చాలా పాత అపోహ. రొయ్య, పీత పడనివాళ్లకు పడనిది వాటిలోని ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్. అయోడిన్‌కీ దానికీ సంబంధం లేదు. ఏ ఎలర్జీ ఉన్నవాళ్లకైనా ప్రమాదం మిగతావాళ్లకన్నా కాస్త ఎక్కువే, రొయ్యలవాళ్లకు ప్రత్యేకంగా పెరిగేదేమీ లేదు. కాబట్టి ఆ మాట డాక్టరుకు చెప్పండి, అంతేగానీ గడ్డ ఏమిటో తేల్చే స్కాన్‌ను దానికోసం మానుకోకండి.

2. మందు ఎక్కేటప్పుడు ఏది మామూలో తెలుసుకోండి

ఒళ్లంతా వెచ్చబడుతుంది, నోట్లో ఇనుము రుచి తగులుతుంది, మూత్రం పడిపోయిందేమో అనిపిస్తుంది. పడదు, అలా అనిపిస్తుందంతే. నిమిషం రెండు నిమిషాల్లో తగ్గిపోతుంది. కొందరికి కాస్త వికారంగా ఉంటుంది. సూది దగ్గర భగ్గున మండినా, చెయ్యి ఉబ్బినా, గొంతు పట్టేసినట్టున్నా మాత్రం ఓర్చుకోకండి, వెంటనే గట్టిగా చెప్పండి. గదిలో మీరొక్కరే ఉన్నట్టుంటుంది గానీ, అద్దం అవతల ఉన్నవాళ్లకు మైకులో మీ మాట వినిపిస్తుంది.

3. కనీసం అరగంట అక్కడే కూర్చోండి

ప్రాణం మీదికి తెచ్చే రియాక్షన్లు దాదాపు అన్నీ ఈ అరగంటలోనే బయటపడతాయి. బస్సు వెళ్లిపోతుందని లేచిపోవద్దు. నరానికి పెట్టిన సూదిని కూడా అప్పటిదాకా ఉంచమనండి, అవసరమైతే రియాక్షన్‌కు ఇచ్చే మందు దాని గుండానే ఎక్కించవచ్చు. తిరిగి వెళ్లేటప్పుడు బండి మీరు నడపకుండా వెంట వచ్చినవాళ్లకివ్వండి.

ఈ అరగంటలో ఒక పని చేయండి. మీకు ఎక్కించిన మందు పేరు అడిగి ఫైలు మీద రాయించుకోండి. అయోహెక్సాల్, అయోపమిడాల్, అయోడిక్సనాల్... ఇలా ఏదో ఒకటి ఉంటుంది. సీసా లేబుల్‌ను ఫోన్‌లో ఫోటో తీసుకున్నా సరే. సెంటర్ ఫోన్ నంబరూ దాని పక్కనే. ‘స్కాన్ మందు పడలేదు’ అని మాత్రమే చెబితే తర్వాతి డాక్టరుకు ఏ మందో తెలియదు.

4. ఇవి కనిపిస్తే 108

ఊపిరాడకపోవడం, పిల్లికూతలు, పెదవులు నాలుక వాయడం, గొంతు బొంగురుపోవడం, కళ్లు తిరిగి పడిపోవడం, దద్దుర్లతో పాటు వరసగా వాంతులు. వీటిలో ఏదున్నా దురద బిళ్ల వేసి చూద్దామని కూర్చోకూడదు. ఇలాంటప్పుడు కాపాడేది తొడకు చేసే అడ్రినలిన్ ఇంజెక్షన్. మనిషిని పడుకోబెట్టి కాళ్ల కింద ఎత్తు పెట్టండి. ఆయాసంగా ఉంటే కూర్చోబెట్టండి. లేపి నడిపించవద్దు. స్కాన్ మందు ఎప్పుడు ఎక్కించారో 108 వాళ్లకు చెప్పండి. పెద్దాసుపత్రికే వెళ్లాలని పంటు కోసం రేవులో ఎదురుచూడకండి. వాళ్లు చెప్పిన దగ్గరి ఆసుపత్రిలో ఇంజెక్షన్ పడ్డాక మిగతా ప్రయాణం చూసుకోవచ్చు.

5. ఇంటికొచ్చాక దద్దుర్లు వస్తే

గంట తర్వాత మొదలుకొని వారం లోపు ఎప్పుడైనా రావచ్చు, ఎక్కువగా మూడు రోజుల్లోపే. ఎర్రటి పొక్కులు, దురద ఉంటాయి. చాలావరకు వారంలో వాటంతటవే తగ్గుతాయి. ఫోటో తీసి డాక్టరుకు పంపి, ఆయన రాసిన బిళ్ల వేసుకోండి. వదులుగా ఉండే నూలు బట్టలు, చల్లటి తడిగుడ్డ హాయినిస్తాయి. పసుపు, వేపాకు నూరి పట్టించవద్దు, దద్దు రంగేమిటో డాక్టరుకు కనపడదు. జ్వరం వచ్చినా, నీటిబొబ్బలు లేచినా, నోరు కళ్లు పుండ్లు పడినా, చర్మం ఊడినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

సూది పెట్టిన చోట వాచిందంటే మందు నరం బయటికి కారి ఉండొచ్చు. చెయ్యి గుండెకన్నా ఎత్తులో దిండు మీద పెట్టి, గుడ్డలో చుట్టిన ఐసుతో కాపడం పెట్టండి. రుద్దకూడదు. వేళ్లు మొద్దుబారినా, రంగు మారినా, నొప్పి పెరుగుతున్నా ఆగకుండా చూపించాలి.

6. నీళ్లు, కొబ్బరిబొండం, షుగర్ బిళ్ల

కిడ్నీలు బాగున్నవాళ్లలో సగం మందు సుమారు రెండు గంటల్లో, దాదాపు మొత్తం 24 గంటల్లో మూత్రంలో పోతుంది. దాహానికి తగ్గట్టు నీళ్లు తాగితే చాలు. మన దగ్గర చూడ్డానికి వచ్చినవాళ్లంతా బొండాలు తెస్తారు. కిడ్నీ జబ్బున్నవాళ్లకు అవి పట్టించవద్దు, కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. గుండె జబ్బుకు నీళ్లు కొలిచి తాగమన్నవాళ్లూ ఆ కొలత దాటకూడదు.

మెట్‌ఫార్మిన్ అనే షుగర్ బిళ్ల వేసుకునేవాళ్లు కిడ్నీలు బాగుంటే సాధారణంగా ఆపక్కర్లేదు. ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే లెక్క) 30 కన్నా తక్కువుంటే స్కాన్ రోజు నుంచి 48 గంటలు ఆపి, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూశాక మొదలుపెట్టమంటారు. సొంతంగా ఆపకుండా డాక్టరును అడగండి. మూత్రం బాగా తగ్గినా, పాదాలు వాచినా క్రియాటినిన్ పరీక్ష చేయించాలి.

పాలిచ్చే తల్లులు మానక్కర్లేదు. మందులో 1 శాతం కన్నా తక్కువే పాలలోకి వెళ్తుంది. థైరాయిడ్ ఉన్నవాళ్లకు కొన్ని వారాల తర్వాత గుండెదడ, చేతుల వణుకు మొదలైతే థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాలి.

7. మళ్లీ స్కాన్ అంటే ముందురోజే ఫోన్ చేయండి

ఒకసారి పడకపోతే ఇక ఏ స్కానూ కుదరదని కాదు. మందు మారుస్తారు, లేదా డై లేకుండా తీస్తారు. సీటీ మందు పడనివాళ్లకు ఎమ్మారై మందు పడొచ్చు, రెండూ వేరు. కొందరికి ముందుగా స్టెరాయిడ్ బిళ్లలు ఇస్తారు, వాటిని స్కాన్‌కు 12, 13 గంటల ముందు నుంచే మొదలుపెట్టాలి. తెల్లవారుజామున మొదటి బస్సెక్కి వెళ్లి అక్కడ ఫైలు చూపిస్తే అప్పటికే ఆలస్యమవుతుంది, ఆ రోజు తిప్పి పంపేస్తారు.