ఏటీఎం అడిగిన ఆ ఒక్క ప్రశ్న

విదేశంలో మొదటి వారం నాలుగుసార్లు ఏటీఎంకి వెళ్లాను. ఫోన్‌లో స్టేట్‌మెంట్ చూస్తే కళ్లు తిరిగాయి. తీసిందేమో కొంచెం, కోతలేమో మూడు రకాలు: ఏటీఎం వాళ్ల ఫీజు, నా బ్యాంకు ఫీజు, పైగా మారకం రేటులో తేడా. మొదటి రెండూ కనిపిస్తాయి. మూడోదే దొంగదెబ్బ.

డబ్బు వచ్చే ముందు స్క్రీన్ మీద "మీ దేశం కరెన్సీలో లెక్కకట్టమంటారా?" అని వస్తుంది. ఎంత కట్ అవుతుందో ముందే తెలుస్తుంది కదా అని నేను ప్రతిసారీ సరేనని నొక్కేశాను. అలా ఒప్పుకుంటే రేటు ఆ ఏటీఎం వాళ్లే వేసుకుంటారు. వద్దని నొక్కినా డబ్బు వస్తుంది. అప్పుడు వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి నెట్‌వర్క్ రేటు పడుతుంది, చాలావరకు అదే మేలు. (మొదటిసారి వద్దన్నప్పుడు లావాదేవీ మొత్తం రద్దవుతుందేమోనని టెన్షన్ పడ్డాను. అవలేదు.)

తర్వాత విదేశీ లావాదేవీ ఫీజు లేని డెబిట్ కార్డు తీసుకున్నాను. డబ్బు తీసిన ప్రతిసారీ ఏటీఎం ఫీజు పడుతుంది కాబట్టి పదిరోజులకు సరిపడా ఒకేసారి తీస్తున్నాను. దుకాణాల్లో కార్డు మెషిన్ కూడా అదే ప్రశ్న అడుగుతుంది, అక్కడా వద్దని స్థానిక కరెన్సీయే ఎంచుకుంటాను. క్రెడిట్ కార్డుతో మాత్రం నగదు తీయను. దానికి వడ్డీ సాధారణంగా తీసిన రోజు నుంచే మొదలవుతుంది.