చారల టమాట, ఆరో పాఠం: అడుగు నల్లబడితే సున్నం పొయ్యొద్దు

ఈ పాఠం కోత గురించి. కానీ ఐదో పాఠం తర్వాత వచ్చిన ఫొటోలు చూశాక కోతను కొంచెం వెనక్కి జరపక తప్పడం లేదు. దేవరకొండ, జడ్చర్ల, మిర్యాలగూడ, ఎటునుంచి వచ్చినా అదే బొమ్మ: నిమ్మకాయకన్నా కాస్త పెద్ద కాయ, పైన చారలు ముచ్చటగా తేలి ఉన్నాయి, అడుగున మాత్రం రూపాయి బిళ్లంత నల్ల మచ్చ. దాంతోపాటు ఒకటే మాట: "సున్నం తేట పోసినం, అయినా ఆగుతలేదు."

ముందు ఐదో పాఠంలోని లోటు సరిచేసుకుందాం. కాయ పడగానే కోడి ఎరువు వెయ్యమని రాశాను, ఎంత వెయ్యాలో రాయలేదు. కొలత ఇది: బాగా మాగి, వాసన పోయి, పొడిపొడిగా రాలే కోడి ఎరువు చెట్టుకు 50 గ్రాములు, అంటే ఒక గుప్పెడు, నెలకు ఒక్కసారి. కొందరు వారం వారం వేశారు, కొందరు పచ్చి పెంటే తెచ్చి వేశారు. పచ్చి కోడి పెంటలోనూ యూరియాలోనూ ఉండే నత్రజని అమ్మోనియం రూపంలో వేరుకు అందుతుంది. అది ఎక్కువైతే వేరు కాల్షియాన్ని తీసుకోవడం తగ్గుతుంది. పైగా ఆకు గుబురుగా పెరిగి నీళ్లన్నీ తనవైపే లాక్కుంటుంది. కాబట్టి చెట్టు ముదురాకుపచ్చగా, కొసలు ముడుచుకుని కనిపిస్తే నెల రోజులు ఏ ఎరువూ వద్దు. జీవామృతం కూడా వద్దు.

ఇప్పుడు మచ్చ పడ్డ కాయనొకదాన్ని తెంపి, తొడిమ నుంచి అడుగుదాకా నిలువుగా కోయండి. మచ్చ పైన తోలు ఎండిన చెప్పు తోలులా గట్టిగా, కాస్త లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది. దాని కింద కండ గోధుమరంగులో పొడిగా ఉంటుంది. ఆ రంగుకూ మంచి కండకూ మధ్య గీత గీసినట్టు హద్దు కనిపిస్తుంది. పురుగు ఉండదు, రంధ్రం ఉండదు, కుళ్లు వాసన ఉండదు. పైన బూజు కనిపిస్తే అది చచ్చిన కండ మీదికి తర్వాత వచ్చి చేరింది. ఇదే అడుగు కుళ్లు. పేరులో కుళ్లు అని ఉన్నా ఇది తెగులు కాదు, పక్క చెట్టుకు అంటుకోదు. దీనికి శిలీంధ్రనాశిని కొట్టడం దండగ.

దీన్ని వేరేవాటితో కలిపేయకండి. ఎండ తగిలే పక్కన తెల్లగా కాగితంలా అయితే అది ఎండదెబ్బ. నాలుగో పాఠంలో పక్క కొమ్మలు తీయమంటే ఆకులు కూడా దూసేసినవాళ్లకు ఇది వచ్చింది. గుండ్రటి రంధ్రం, దాని బయట రెట్ట ఉంటే కాయతొలుచు పురుగు. కాయ నిండా గుండ్రటి పసుపు వలయాలుంటే వైరస్, ఆ చెట్టును పీకి పారేయడమే. మచ్చ సరిగ్గా పువ్వు రాలిన చోటే, కాయ కొసనే ఉంటే మాత్రం అది అడుగు కుళ్లే.

కారణం కాల్షియం అందకపోవడం. "అందకపోవడం" అన్నాను, "లేకపోవడం" అనలేదు. మీరు పొరబడ్డది ఇక్కడే. కాల్షియం నీళ్లతోపాటే వేరు నుంచి పైకి ఎక్కుతుంది, ఎక్కిన చోటే ఆగిపోతుంది. ఆకులోకి పోయిన కాల్షియం మళ్లీ వెనక్కి వచ్చి కాయలో చేరదు. ఆకు పొద్దంతా ఆవిరి వదులుతుంది కాబట్టి నీళ్లలో పెద్ద వాటా దానిదే. కాయ తోలు నున్నగా మూసుకుని ఉంటుంది కాబట్టి దానికి దక్కేది కొంచెం. ఆ కొంచెంలోనూ తొడిమ దగ్గరి భాగం ముందు తాగుతుంది, అడుగు చివర తాగుతుంది. సాగర్ ఎడమ కాలువ కింద చివరి ఆయకట్టు రైతుకు ఈ లెక్క చెప్పనక్కర్లేదు. పైన నీళ్లు తగ్గిన రోజు ముందు ఎండేది చివరి మడే.

కాయ పడ్డాక మొదటి రెండు వారాలు అది చాలా వేగంగా ఉబ్బుతుంది. ఆ రోజుల్లో రెండు పూటలు బెట్ట తగిలినా అడుగున కణాలు చచ్చిపోతాయి. మచ్చ మాత్రం తర్వాత, కాయ పెద్దయ్యాక కనిపిస్తుంది. ఇవాళ మీరు చూస్తున్న మచ్చ రెండు మూడు వారాల కిందటి నీళ్ల లెక్క. అందుకే ఇవాళ ఏం పోసినా ఆ కాయ బాగుపడదు. మచ్చ కాయలన్నీ తెంపేయండి, ఆ బలం పైగెలకు పోతుంది.

ఇక సున్నం సంగతి. మీ ఇంట్లో బోరు నీళ్లు కాచే గిన్నె అడుగు చూడండి. తెల్లగా, గరుకుగా పేరుకుని ఉంటే ఆ పేరుకున్నది ఎక్కువగా కాల్షియం కార్బొనేటే. ఆ నీళ్లే మూడు నెలలుగా చెట్టుకు పోస్తున్నారు. మట్టిలో కాల్షియానికి కొదవ లేదు. దాని మీద సున్నం తేట పోస్తే మట్టి ఇంకా క్షారమవుతుంది. అప్పుడు ఇనుము, జింకు మట్టిలోనే బిగుసుకుపోతాయి. కొత్త చిగురు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయని రెండో విడత ఫొటోలు పంపారు కదా, అది సున్నం చేసిన పని. ఒక రోగానికి ఇంకొకటి తోడైంది.

కోడిగుడ్డు పెంకులూ అంతే. పెంకు కరగాలంటే మట్టి పుల్లగా ఉండాలి. బోరు నీళ్లు తాగిన మన నేల అందుకు పూర్తిగా వ్యతిరేకం. నిరుడు వేసిన పెంకు ఈ ఏడు తవ్వినా ముక్కలు ముక్కలుగానే దొరుకుతుంది. పెంకు పొడిని వేడినీళ్లలో మరిగించి పోసినా తేడా లేదు. మజ్జిగ పోయడం, పాలు పోయడం కూడా ఆపండి, చీమలు తప్ప ఏమీ రావు. ఆకుల మీద కాల్షియం పిచికారీ చేస్తే అది ఆకులోనే ఉండిపోతుంది, ఎందుకో పైన చెప్పాను. సున్నం ముక్క తెచ్చి చెట్టు మొదట్లో పాతిపెట్టినవాళ్లు దాన్ని ఇవాళే తవ్వి తీసేయండి.

నిజంగా కాల్షియం తక్కువయ్యేది ఒక్కచోట: మట్టి లేకుండా ఎక్కువ భాగం కోకోపీట్‌తో, అంటే కొబ్బరి పీచు పొట్టుతో, సంచి నింపి, ఆర్వో నీళ్లో వాన నీళ్లో పోసేవాళ్లకు. వాళ్లు మాత్రం కాల్షియం నైట్రేట్ లీటరు నీళ్లకు 2 గ్రాములు కలిపి, వారానికొకసారి మొదట్లో పోయాలి. ఆ నీళ్లలో ఇంకే ఎరువూ కలపొద్దు. సల్ఫేటుతోనో ఫాస్ఫేటుతోనో కలిపితే బకీటు అడుగున తెల్లటి పిండిలా దిగిపోయి దేనికీ పనికిరాదు.

ఇంకో రకం బోరు నీళ్లున్నాయి: గిన్నెకు పెద్దగా పొర కట్టవు గానీ నాలుకకు ఉప్పగా తగులుతాయి. వీటితో చిక్కు వేరు. మట్టిలో ఉప్పు పేరుకుంటే తడి ఉన్నా వేరు దాన్ని తాగలేదు. సంచి అంచు వెంట తెల్ల పొర కనిపిస్తే మిషన్ భగీరథ నల్లా నీళ్లు 20 లీటర్లు పట్టుకుని, సగం పోసి, అరగంట ఆగి మిగతా సగం పోయండి. అడుగు తూట్ల నుంచి ధారగా బయటికి పోవాలి. నెలకొకసారి ఇలా కడిగితే చాలు.

ఇక నీళ్ల కొలత. డిసెంబరు, జనవరిలో కాయ మీదున్న చెట్టుకు ఇవి మొదటి లెక్కలు, తర్వాత మీ నేలను బట్టి అటూ ఇటూ చేసుకోండి. ఎర్ర చెల్కలో మూడు రోజులకొకసారి 8 లీటర్లు. నల్లరేగడిలో వారానికొకసారి 15 లీటర్లు, అది తడిని పట్టుకుంటుంది. మిద్దె మీద 15 అంగుళాల సంచికి రోజూ పొద్దున 2 లీటర్లు, ఫిబ్రవరి నుంచి మాపటికి ఇంకో లీటరు. పెద్ద కాయ కాసే స్ట్రైప్డ్ జర్మన్ రకాన్ని 12 అంగుళాల సంచిలో పెట్టినవాళ్లకు ఏ కొలతా నిలవదు, ఆ చెట్టుకు ఆ మట్టి చాలదు. రెండో పాఠంలోనే చెప్పాను.

పోసే ముందు చూపుడు వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చండి. అక్కడ పదును ఉండి, మట్టి వేలికి అంటుకుంటే ఆ పూట ఆపండి. పైన ఎండినట్టు కనిపించడం లెక్కలోకి రాదు. రోజూ పైపు పట్టి పైపైన తడిపేవాళ్ల చెట్లకు వేళ్లు పైనే తిరుగుతాయి, మధ్యాహ్నం ఎండకు ముందు బెట్టపడేవి అవే.

మొదలు చుట్టూ పల్లి పొట్టు మూడు అంగుళాల మందాన పరవండి. వనపర్తి, అచ్చంపేట వైపు అది దొరకనిదేం కాదు. వరిగడ్డి కూడా పనిచేస్తుంది గానీ నేను పొట్టునే ఎంచుకుంటాను, మిద్దె మీద గాలికి తక్కువ లేస్తుంది. కాండానికి మూడు వేళ్ల ఎడం వదలండి.

సంక్రాంతికి ఊరికి పోయేవాళ్లు ఇప్పుడే ఏర్పాటు చేసుకోవాలి. నాలుగు రోజులు బెట్ట పెట్టి, తిరిగొచ్చిన రోజు బకీటెడు కుమ్మరిస్తే గుత్తిలో చిన్న కాయలకు అడుగు పోతుంది, పండబోయే పెద్ద కాయలు పగులుతాయి. చారల రకాల్లో చాలావాటికి తోలు పలచన. మెరుపు పూయని అయిదు లీటర్ల మట్టికుండను మెడదాకా పాతి, నింపి, మూత పెట్టండి. కుండ చెమర్చి మట్టికి తడి ఇస్తూ ఉంటుంది. పోయే రోజు చెట్టుకు కూడా నిండా పోసి బయలుదేరండి.

ఇక కోత. గ్రీన్ జీబ్రా రకం వేసినవాళ్లు "ఎప్పుడు ఎర్రబడుతుంది?" అని అడుగుతున్నారు. ఎర్రబడదు. అది పండినా పచ్చగానే ఉంటుంది. పచ్చికాయలో ముదురు చారల మధ్య పట్టీ తెల్లబోయిన లేతాకుపచ్చగా ఉంటుంది. పండే కొద్దీ ఆ పట్టీ అడుగు నుంచి మొదలై పసుపుగా, తేనె రంగుకు తిరుగుతుంది. ముదురు చార అలాగే ఉంటుంది. పట్టీ సగందాకా పసుపు తిరిగి, బొటనవేలితో అడుగున నొక్కితే కాస్త లోపలికి పోయి తిరిగి వస్తే కోయండి. చార కూడా పసుపు అయ్యేదాకా ఆగితే లోపల నీరు కారిపోతుంది. కోస్తే కండ మరకతంలా పచ్చగా ఉంటుంది, పులుపు బాగా ఉంటుంది. పచ్చిమిర్చి, ఎల్లిపాయ వేసి తొక్కు నూరితే దీని ముందు ఎర్ర టమాట నిలవదు.

ఈ రకాన్ని విత్తనాల అంగళ్లు పాతకాలపు నాటు రకమని అమ్ముతాయి. నిజానికి అమెరికాలో టామ్ వాగ్నర్ తయారుచేసి 1983లో బయటికి తెచ్చింది. అయినా హైబ్రిడ్ కాదు, గింజ నిలుపుకుంటే అదే కాయ వస్తుంది. మనకు కావలసింది అదే.

టైగరెల్లా రకం సులువు: ఎరుపు మీద నారింజ చారలు తేలగానే కోత. స్ట్రైప్డ్ జర్మన్, బిగ్ రెయిన్‌బో లాంటి పెద్ద కాయలకు భుజాలు చూడాలి. అడుగున ఎర్ర జీరలు ముందే వస్తాయి, వాటిని చూసి కోయకండి. భుజం దగ్గర పచ్చ పోయి పసుపు రావాలి. వేడి 30 డిగ్రీలు దాటితే టమాటలో ఎరుపు సరిగ్గా ఊరదు, అందుకే మార్చి కాయల్లో జీరలు పలచగా ఉంటాయి. ఫిబ్రవరి చివరి నుంచి రంగు తిరగడం మొదలవగానే కోసి, ఇంట్లో నీడన, తొడిమ కిందికి వచ్చేలా పళ్లెంలో పేర్చి పండించండి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, రుచి పోతుంది.

సాధన ఈసారి పదిహేను రోజులది. ప్రతి చెట్టుకూ నోటుబుక్కులో ఒక పేజీ. రోజూ పోసిన లీటర్లు, వేలికి తగిలిన పదును, ఆ రోజు కొత్తగా పడ్డ కాయలు రాయండి. పడ్డ కాయకు తేదీ రాసిన చీటీ కట్టండి. పదిహేనో రోజు తర్వాత మచ్చ కనిపిస్తే చీటీ చూసి, ఆ తేదీ నుంచి రెండు వారాల నీళ్లు చదవండి. ఏ రోజు తప్పిందో పేజీలోనే దొరుకుతుంది. ఇకమీదట ప్రశ్న పంపేటప్పుడు కాయ ఫొటోతోపాటు ఆ పేజీ ఫొటో కూడా పంపాలి.

రెండో పని గింజ కోసం. మచ్చలేని చెట్టునొకదాన్ని ఎంచి, మూడో గెలలో ఇంకా విచ్చుకోని మొగ్గలకు మల్లు గుడ్డ సంచి కట్టండి. పూలు విచ్చాక రోజూ పది గంటల ప్రాంతంలో ఆ గెలను వేలితో నాలుగుసార్లు తట్టండి, పుప్పొడి తనంతట రాలుతుంది. కాయ బఠానీ గింజంత కాగానే సంచి విప్పి ఎర్ర దారం కట్టండి. చార వెనకబడే గుణం: పక్కనున్న మామూలు టమాట పుప్పొడి ఒక్కసారి పడ్డా వచ్చే ఏటి చెట్టుకు చారలేని కాయలే వస్తాయి. దారం కట్టిన కాయను చెట్టు మీదే పూర్తిగా మెత్తబడనివ్వండి. దాన్ని కోసి, గింజ పులియబెట్టడం ఏడో పాఠంలో.