గుజ్జు ఫ్యాక్టరీలో చిట్టా పుస్తకం మానిపించాలంటే

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు యూనిట్లలో జూన్, జులైలో తోతాపురి కాయల లోడ్లు గేటు ముందు బారులు తీరతాయి. కొత్త సాఫ్ట్‌వేర్ నేర్పే సమయం అది కాదు. జనవరిలోనే మొదలుపెట్టండి.

ముందు సాఫ్ట్‌వేర్ కొనకండి. కాయ గేటు దాటిన దగ్గర నుంచి 215 కిలోల డ్రమ్ములో గుజ్జుగా చేరేదాకా ఎవరు ఏ పుస్తకంలో ఏం రాస్తున్నారో కాగితం మీద పెట్టండి. ఒకే బరువు మూడు చోట్ల రాస్తుంటే, చాలాసార్లు ఒకరి లెక్క మీద ఒకరికి నమ్మకం లేకనే. అది తేలకుండా కంప్యూటర్ పెడితే నాలుగో పుస్తకం మొదలవుతుంది, అంతే.

మొదట కాటా ఒక్కటే మార్చండి. బరువు చూపే ఇండికేటర్ డబ్బా నుంచి కంప్యూటర్‌కు కేబుల్ వేస్తే బరువు దానంతటదే ఎక్కుతుంది. మొత్తం బరువు, ఖాళీ బండి బరువు, తరుగు వేర్వేరు గడుల్లో ఉండాలి. పచ్చికాయా, కుళ్లా, ఏదో ఒక కారణం ఎంచుకోనిదే చీటీ రాకూడదు. చీటీ తెలుగులో, ఒక ప్రతి రైతు చేతికి. కాటా దగ్గర పనిచేసేవాళ్ల గొణుగుడు మొదలయ్యేది ఇక్కడే. దాన్ని శిక్షణ లోపం అనుకోవద్దు. తరుగు నోటికొచ్చినట్టు వేసే అధికారం పోతోందన్నదే అసలు బాధ. ఎంత తరుగు ఎందుకో యజమానే ముందు రాసి గోడకు అంటించాలి.

షిఫ్టంతటికీ ఒకే పాస్‌వర్డ్ వద్దు, మనిషికో లాగిన్ ఇవ్వండి. కంపెనీగా రిజిస్టరైన సంస్థల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో, ఏ మార్పు ఎప్పుడు జరిగిందో చూపే ఎడిట్ లాగ్ 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి. అయితే ఆ లాగ్ చూపించి మనుషుల్ని తిట్టారో, మర్నాటి నుంచి ల్యాబ్‌లో ప్రతి బ్యాచ్ బ్రిక్సూ (గుజ్జులో తీపిని చూపే కొలత) 14.0 అనే పడుతుంది. నిజంగా కొలిస్తే అంకె అటూఇటూ ఊగుతుంది. వేడి గుజ్జును చల్లార్చకుండా చూసినా తేడా వస్తుంది. తిన్నగా ఉన్న అంకెలనే అనుమానించండి. తప్పు తానే చెప్పినవాడికి మొదటి నెల మాట పడకూడదు.

పుస్తకం, కంప్యూటర్ రెండూ రెండు వారాలు కలిపి నడపండి. రోజూ సాయంత్రం 20 నిమిషాలు తేడాలు చూసుకోండి. పుస్తకం మూసే తేదీ ముందే చెప్పండి. ఆ తర్వాత యజమాని సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి "ఎన్ని టన్నులొచ్చిందప్పా?" అన్నాడంటే పుస్తకం మళ్లీ తెరుచుకుంటుంది. తెర మీదే చూడాలి, లెక్క తప్పుగా ఉన్నా సరే.

కరెంటు పోయే రోజుకు కాటాకు యూపీఎస్, వరస నంబర్లు అచ్చువేసిన చీటీల కట్ట ఒకటి ఉంచండి. ఆ చీటీలు అదే షిఫ్టులో ఎక్కించేయాలి.