దసరాకు పాత డీజిల్ కారు కొనే ముందు జాగ్రత్తలు

దసరా దగ్గరపడటంతో వరంగల్, హన్మకొండల్లో మారుతి స్విఫ్ట్, రిట్జ్ వంటి చిన్న డీజిల్ కార్లను చాలామంది వెతుకుతున్నారు. బయానా ఇచ్చే ముందు వీటిని తప్పక చూడండి.

• ఆర్‌సీపై ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, అప్పు తీరిందని తెలిపే ఫారం 35 చేతికి రానిదే పూర్తి సొమ్ము ఇవ్వకండి; అప్పు తీరని కారును ఫైనాన్స్ సంస్థ తీసుకెళ్తే మొత్తం డబ్బు పోతుంది.

• ఉదయాన్నే వెళ్లి, బానెట్ చల్లగా ఉన్నదని తాకి చూశాకే స్టార్ట్ చేయించండి, ఎందుకంటే వేడెక్కిన ఇంజన్‌లో చాలా లోపాలు బయటపడవు. నీలిపొగ ఆగకుండా వస్తే ఆయిల్ కాలుతున్నట్లే. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీసినప్పుడు ఆవిరి ఒత్తిడితో ఎగదన్నితే పిస్టన్ రింగులు అరిగాయేమోనని అనుమానించాలి; ఆ మరమ్మతు ఖర్చు మధ్యతరగతి ఇంటికి నిజంగా భారమే.

• స్విఫ్ట్, రిట్జ్‌లలోని 1.3 లీటర్ల డీజిల్ ఇంజన్‌కు టైమింగ్ చైన్ (ఇంజన్ లోపలి భాగాలను ఒకే లయలో తిప్పే గొలుసు) ఉంటుంది. స్టార్ట్ చేయగానే గలగలమంటే మెకానిక్‌కు వినిపించండి.

• హైదరాబాద్ రహదారిపై నడిపి చూడండి. టర్బో (ఇంజన్‌లోకి ఎక్కువ గాలి నెట్టే భాగం) బలహీనత ఊరి ట్రాఫిక్‌లో తెలియదు.

• కిలోమీటర్లను సర్వీసు రికార్డుతో పోల్చండి, మీటరు తిప్పడం తేలిక.

• రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. మారుతి 2020 ఏప్రిల్‌లో డీజిల్ కార్లు ఆపేసింది; దొరికేవన్నీ పాతవే కనుక, ఎన్నేళ్లు మిగిలాయో లెక్కించాకే ధర మాట్లాడండి.