ఊక నుంచి ఇంధనం – 3వ పాఠం: ఆక్సిజన్ లెక్క

గత పాఠంలో ఊకను 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి తేమ శాతం కట్టాం. ఈసారి నిప్పు జోలికి పోవద్దు, కాగితం, పెన్ను చాలు.

గాలి తగలకుండా 500 డిగ్రీలకు వేడిచేస్తే ఊక బొగ్గుగా, ఆవిరిగా, గ్యాస్‌గా విడిపోతుంది. ఆవిరిని చల్లారిస్తే నల్లటి నూనె దిగుతుంది. డీజిల్‌లా కనిపిస్తుంది గానీ పుల్లన, నీళ్లు కలిసిన సరుకు. నిల్వ ఉంచితే చిక్కబడుతుంది. అందులో ఆక్సిజనే 35-40 శాతం. దాన్ని వదిలించడానికే ఉత్ప్రేరకం. ఎక్కువగా వాడేది జెడ్‌ఎస్‌ఎం-5 అనే జియోలైట్, అంటే అతి సన్నని రంధ్రాలున్న ఖనిజం లాంటి పదార్థం.

ఆక్సిజన్ ఒంటరిగా పోదు, ఎవరినో ఒకరిని వెంటబెట్టుకుని పోతుంది. ఊకలోని సెల్యులోజ్‌ను C₆H₁₀O₅ అనుకోండి, బరువు 162. అయిదు ఆక్సిజన్లూ నీరుగా పోతే పది హైడ్రోజన్లూ ఖర్చయిపోయి ఉత్త బొగ్గు మిగులుతుంది. అదే రెండు కార్బన్ డయాక్సైడ్‌లుగా, ఒక నీరుగా పోతే మిగిలేది C₄H₈, బరువు 56. అంటే ఈ దారిలో కాగితం మీద కూడా 100 గ్రాముల సెల్యులోజ్‌కు 35 గ్రాములు దాటదు. 'కేజీ ఊకకు లీటరు డీజిల్' అని ఎవరైనా వీడియో పెడితే ఈ లెక్క చూపించండి.

నిజంగా చేసినప్పుడు ఇంకా తగ్గుతుంది. జియోలైట్ రంధ్రాల్లో కోక్, అంటే మసిలాంటి కార్బన్, పేరుకుంటుంది. దాన్ని గాలిలో కాల్చి శుభ్రం చెయ్యాలి. పైగా శ్రీకాకుళం మిల్లుల ఊకైనా, ఎక్కడి ఊకైనా బూడిద 15-20 శాతం ఉంటుంది. చాలావరకు సిలికాయే, కానీ కొద్దిపాటి పొటాషియం చాలు, జియోలైట్ పని చెడుతుంది. అందుకే జియోలైట్‌ను ఊకలో కలపకండి, ఆవిరి వెళ్లే గొట్టంలో వేరుగా పెట్టండి. నా ఓటు దీనికే.

ఊకకు బదులు పలాస జీడితొక్క తీసుకుంటే బూడిద తక్కువ. అయితే అందులోని జీడినూనె చేతులు కాలుస్తుంది, అక్కడి పిక్కలు కొట్టే అమ్మలను అడిగితే చెబుతారు. నూనె తీసేసిన పిప్పి తెచ్చుకోండి, అయినా గ్లౌజులు తప్పనిసరి.

అభ్యాసం: అయిదు ఆక్సిజన్లూ కార్బన్ మోనాక్సైడ్‌గానే పోతే ఎన్ని కార్బన్లు మిగులుతాయి? ఈ గ్యాస్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. కాబట్టి వచ్చే పాఠానికి వంటిల్లు కుదరదు. పొగ బయటికి లాగే ఏర్పాటున్న కాలేజీ ల్యాబ్‌లో మాస్టారి అనుమతి ఇప్పుడే అడిగి పెట్టుకోండి.