బూట్లు ఎక్కడ ఆరబెట్టుకుంటారని అడగండి

పెద్దవాళ్లెవరైనా యూనిట్‌కి వస్తున్నారంటే ముందు రాళ్లకి రంగు పడుతుంది. దారి పక్కనున్న ప్రతి రాయికీ తెల్ల సున్నం, ఎర్ర గేరూ. మేము దాన్ని చూనా-గేరూ అనేవాళ్లం. ఆ తర్వాత లంగర్లో, అంటే మా వంటశాలలో, గిన్నెలు తోమడం. ఆ పూట పప్పు చిక్కబడుతుంది, పనీర్ ప్రత్యక్షమవుతుంది. ఏ జవాను ఎక్కడ నిలబడాలో, ఏమడిగితే ఏం చెప్పాలో రిహార్సల్ అవుతుంది. వచ్చినాయన "కోయీ దిక్కత్?", అంటే ఏమైనా ఇబ్బందా, అంటాడు. మేము "నహీఁ సాబ్!" అంటాం. ఫొటో తీస్తారు. హెలికాప్టర్ లేచాక ఎగిరిన దుమ్ము మా మీద పడుతుంది.

నేను ఆర్మీ సర్వీస్ కోర్‌లో ఇరవై ఆరేళ్లు చేసి సుబేదార్‌గా రిటైరయ్యాను. బియ్యం, పప్పు, కిరోసిన్, లారీలు, అదీ మా పని. తుపాకీ పట్టినవాడికన్నా పప్పు మోసినవాడికే పెద్దవాళ్లు ఎక్కువ కనిపిస్తారు, ఎందుకంటే వాళ్ల భోజనం చూడాల్సింది మేమే. ఇప్పుడు తాడేపల్లిగూడెం దగ్గర మా ఊళ్లో కొబ్బరిచెట్లు చూసుకుంటున్నాను.

మొన్న మా మనవడు ఫోన్ చేశాడు. కాలేజీలో మాక్ పార్లమెంటట, వీడికి ప్రధానమంత్రి వేషం వచ్చిందట. "తాతయ్యా, సైన్యం నన్ను గౌరవించాలంటే ఏం చెయ్యాలి?" అన్నాడు. "సెల్యూట్ ఎలాగూ కొడతార్రా, అది కుర్చీకి. నీకు కావాలంటే మాత్రం పనుంది" అన్నాను. ఆ పనేంటో ఇక్కడ రాస్తున్నాను. వాడికే కాదు, రేపు నిజంగా ఆ కుర్చీ ఎక్కేవాళ్లకి కూడా.

మొదటి పని సరిగ్గా అడగడం. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ నేను ఎక్కువ చెప్పేది దీని గురించే.

ఒకసారి ఉత్తరాన బాగా ఎత్తున్న చోట మా డిపో ఉండేది. ఢిల్లీ నుంచి ఒక మంత్రిగారొచ్చారు. పేరు వద్దు. మామూలు ప్రకారమే లైన్లో నిలబడ్డాం. ఆయన "దిక్కత్" అనలేదు. శ్రీకాకుళం కుర్రాడొకడు నా పక్కనే ఉన్నాడు, వాడి కాళ్లవైపు చూసి, "రాత్రి ఈ బూట్లు ఎక్కడ ఆరబెట్టుకుంటావు?" అని అడిగారు. ఆ ప్రశ్నకి ఎవరూ రిహార్సల్ చేయించలేదు. వాడు ఒక్క క్షణం సీఓ సాబ్ వైపు, అంటే మా కమాండింగ్ ఆఫీసర్ వైపు చూసి, నిజం చెప్పేశాడు. "ఆరవు సాబ్. స్లీపింగ్ బ్యాగులో పెట్టుకుని పడుకుంటాం. లేకపోతే పొద్దున్నకి గడ్డకడతాయి."

సీఓ సాబ్ మొహంలో రంగు మారింది. నాకు కాళ్లు వణికాయి, చలికి కాదు. అప్పుడు ఆయన చేసిన పని చూడండి. సీఓని ఏమీ అనలేదు. కుర్రాడి భుజం మీద చెయ్యేసి అందరికీ వినపడేలా, "ఇవాళ నాకు సరైన జవాబు చెప్పింది ఇతనే, ఇతని పేరు నేను రాసుకుంటున్నాను" అన్నారు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నారు కూడా. దాంతో రేపు వాణ్ణి ఎవరూ ఏమీ అనడానికి లేకుండా పోయింది.

కాబట్టి "ఏమైనా ఇబ్బందా?" అని అడక్కండి. ఆఫీసర్ పక్కనుండగా ఏ జవానూ అవునని చెప్పడు, చెప్పకూడదు కూడా. వస్తువు గురించి అడగండి, తేదీ గురించి అడగండి. ఛుట్టీకి, అంటే సెలవుకి, వెళ్లినప్పుడు రైల్లో రిజర్వేషన్ దొరికిందా, నిలబడి వెళ్లావా? ఆఖరిసారి ఇంటికి ఎప్పుడు మాట్లాడావు? ఈ పోస్టుకి కూరగాయలు వారానికి ఎన్నిసార్లొస్తాయి? ఇలాంటివాటికి ముందే వండిపెట్టిన జవాబుండదు. ఇంకోటి, లంగర్లో మీకోసం వడ్డించిన పళ్లెం కాకుండా పెద్ద గిన్నె మూత మీరే తీసి చూడండి. నేను రేషన్ మనిషిని, ఈ రహస్యం బయటపెట్టకూడదేమో.

సెల్యూట్ కొట్టడం నేర్చుకోనక్కర్లేదు. నమస్తే చాలు. ప్రత్యేకంగా బట్టలు కుట్టించుకోనూ అక్కర్లేదు. 1965 యుద్ధం తర్వాత లాల్ బహదూర్ శాస్త్రిగారు పట్టుబడ్డ పాకిస్తాన్ పాటన్ ట్యాంకు ఎక్కి దిగిన ఫొటో ఉంది. ధోవతీలోనే. ఆ పొట్టి మనిషిని చూసి ఎవరూ నవ్వలేదు. జమ్మూలో ఛంబ్ వైపు నుంచి అఖ్నూర్ మీద పాకిస్తాన్ ఒత్తిడి పెరిగినప్పుడు, అంతర్జాతీయ సరిహద్దు దాటి లాహోర్ వైపు వెళ్లడానికి సెప్టెంబర్ 6న దారి తెరిచింది ఆయన ప్రభుత్వమే. అంతకుముందు ఆయన్ని మెత్తని మనిషి అనుకున్నవాళ్లే ఆ తర్వాత "జై జవాన్ జై కిసాన్" అని గొంతెత్తి అన్నారు.

రెండో పని పైవాళ్లతో. జనరల్ "కాదు" అంటే వినడం.

1971 ఏప్రిల్‌లో తూర్పు బెంగాల్ నుంచి శరణార్థులు లక్షల్లో వస్తున్నారు. ఇందిరాగాంధీగారి మీద వెంటనే దాడి చెయ్యాలని ఒత్తిడి. అప్పటి ఆర్మీ చీఫ్ మానెక్‌షా ఇప్పుడు కుదరదన్నారు. వానాకాలం వస్తే అక్కడి నదులు సముద్రాలవుతాయి, పంజాబ్‌లో కోతల కాలం, రైళ్లు కావాలి, హిమాలయాల్లో కనుమలు మంచుతో మూసుకుపోయేదాకా చైనా సంగతి చూసుకోవాలి. ఆ మీటింగులో ఎవరెంత గట్టిగా మాట్లాడారన్నది తర్వాత ఆయన చెప్పుకున్న కథే, కాస్త ఉప్పూకారం పడే ఉంటుంది. ఆవిడ ఆగారన్నది మాత్రం నిజం. కోపం వచ్చినా ఆగారు, ఆయన్ని మార్చలేదు. డిసెంబర్ 3న మొదలైన యుద్ధం 16న ఢాకాలో ముగిసింది. పాకిస్తాన్ వైపు సుమారు 93,000 మంది లొంగిపోయారు. మా ట్రైనింగ్ సెంటర్లో ఉస్తాదులు, అంటే మాకు నేర్పేవాళ్లు, ఆ కథ చెప్పేటప్పుడు మానెక్‌షా పేరెంత గట్టిగా పలికేవారో, "మేడమ్ రుకీ", మేడమ్ ఆగారు, అన్న మాట కూడా అంత గట్టిగానే పలికేవారు.

వినకపోతే ఏమవుతుందో కూడా మా సైన్యానికి తెలుసు. 1959లో ఆర్మీ చీఫ్ జనరల్ తిమ్మయ్యకి రక్షణ మంత్రి కృష్ణమీనన్‌తో పొసగక రాజీనామా ఇచ్చారు. నెహ్రూగారు బుజ్జగించి వెనక్కి తీసుకునేలా చేశారు. ఆ తర్వాత రెండ్రోజులు తిరక్కుండానే పార్లమెంటులో ఆయన చేసింది తప్పన్నట్టు మాట్లాడారు. గదిలో ఒక మాట, సభలో ఒక మాట. నెహ్రూగారంటే నాకు గౌరవమే, కానీ ఆ రోజు మా చీఫ్ పరువు పోయింది. కింద ఉన్నవాడికి కూడా అర్థమైంది, ఇక్కడ నిజం చెబితే లాభం లేదని. మూడేళ్లకి 1962లో చైనాతో యుద్ధం వచ్చింది. పలచని నూలు యూనిఫాంలతో, .303 రైఫిళ్లతో మంచుకొండల మీద నిలబెట్టారు. నవంబర్ 18న లడాఖ్‌లో రెజాంగ్ లా కనుమ దగ్గర మేజర్ షైతాన్ సింగ్ కంపెనీ చివరిదాకా పోరాడింది. మూడు నెలలకి, 1963 ఫిబ్రవరిలో, వాళ్ల శవాలు దొరికాయి, కొందరి చేతుల్లో ఆయుధాలు అలాగే ఉన్నాయంటారు.

అయితే వినడమంటే సైన్యం ఏమంటే అది చెయ్యడం కాదు. నిర్ణయం మీదే. 1999లో కార్గిల్ యుద్ధంలో నియంత్రణ రేఖ దాటొద్దని వాజ్‌పేయి ప్రభుత్వం చెప్పింది. దానివల్ల కొండల మీదకి ఎదురుగానే ఎక్కాల్సొచ్చింది, చాలామంది పోయారు. అయినా మాలో చాలామంది ఆ ఆర్డర్‌ని తిట్టుకోలేదు. మొదటినుంచీ ఒకే మాట, మధ్యలో మారలేదు. ఎందుకో దేశానికి చెప్పారు. యుద్ధం ముగిసిన మూడు రోజులకే, జులై 29న, ఎక్కడ తప్పు జరిగిందో చూడ్డానికి కమిటీ వేశారు. కొన్ని భాగాలు దాచినా రిపోర్టు 2000 ఫిబ్రవరిలో పార్లమెంటుకి వచ్చింది. 1962 ఓటమి మీద సైన్యం తయారుచేసిన హెండర్సన్ బ్రూక్స్ రిపోర్టుని మాత్రం ఏ ప్రభుత్వమూ బయటపెట్టలేదు, ఏ పార్టీ వచ్చినా అంతే.

మూడోది, వెళ్లాల్సిన చోటుకి వెళ్లండి. మీరు వెళ్లలేకపోతే ఫైలు ఆపినవాణ్ణి పంపండి. జార్జ్ ఫెర్నాండెజ్ రక్షణ మంత్రిగా, లడాఖ్ పైన మంచునది ఉన్న సియాచిన్‌కి పదిసార్లకు పైగానే వెళ్లారు. అక్కడి జవాన్లకి మంచు స్కూటర్లు కొనే ఫైలు ఢిల్లీలో నలుగుతుంటే, దాన్ని నలిపిన అధికారుల్నే సియాచిన్ చూసి రమ్మన్నారు. ఈ కథ లంగర్లో వినని యూనిట్ లేదనుకుంటాను. నవ్వుకోవడం ఒకెత్తు, మా తరఫున ఎవడో ఒకడు విసుక్కున్నాడన్న తృప్తి ఇంకో ఎత్తు. కలాంగారు రాష్ట్రపతిగా 2004 ఏప్రిల్‌లో అక్కడికెళ్లారు. రాజ్యాంగం ప్రకారం త్రివిధ దళాలకి అధిపతి రాష్ట్రపతే, కానీ ఆయనకి ముందు ఏ రాష్ట్రపతీ సియాచిన్ ఎక్కలేదు. అప్పటికి ఆయనకి 72 ఏళ్లు. ఆ ఎత్తులో కుర్రాళ్లకే ఊపిరాడదు.

నాలుగోది చచ్చిపోయినవాళ్ల గురించి, ముసలివాళ్ల గురించి. సైన్యం ఇక్కడే లెక్క రాసుకుంటుంది, చెరపదు.

2008 జూన్ 27న మానెక్‌షా తమిళనాడులోని వెల్లింగ్టన్‌లో పోయారు. 1971 గెలిపించిన ఫీల్డ్ మార్షల్. అంత్యక్రియలకి రాష్ట్రపతి రాలేదు, ప్రధాని రాలేదు, రక్షణ మంత్రి రాలేదు. ప్రభుత్వం తరఫున వచ్చింది సహాయమంత్రి, మన కాకినాడ పళ్లంరాజుగారు. ఆ రోజు మా మెస్‌లో టీవీ ముందు ఎవరూ మాట్లాడలేదు. ఒక పెద్ద సుబేదార్ మేజర్ లేచి టీవీ ఆపేసి వెళ్లిపోయాడు. నాకైతే వాళ్లిచ్చిన ఏ ఉపన్యాసమూ గుర్తులేదు, ఇది మాత్రం గుర్తుంది.

2020 జూన్‌లో గల్వాన్‌లో కర్నల్ సంతోష్ బాబు పోయినప్పుడు అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ వారం రోజుల్లో సూర్యాపేటలో వాళ్లింటికి వెళ్లారు. ఐదు కోట్లు, ఇంటిస్థలం, భార్యకి గ్రూప్-1 ఉద్యోగం కాగితాలు చేతిలో పెట్టారు. రాజకీయం లేదని నేననను. కానీ ఆఫీసుల చుట్టూ తిప్పలేదు. భర్తపోయిన మనిషికి అది ఎంత పెద్ద సంగతో, ఫ్యామిలీ పెన్షన్ కోసం పార్ట్ టూ ఆర్డర్లో, అంటే జవాను కుటుంబం వివరాలెక్కే సైన్యం కాగితంలో, పేరు తప్పు పడి రెండేళ్లు తిరిగిన ఆడవాళ్లని అడగండి. మా ఊళ్లోనే ఇద్దరున్నారు. వాళ్ల దరఖాస్తులు రాసిపెట్టింది నేనే.

పెన్షన్ సంగతి కూడా ఇందులోదే. జవాను ముప్పై అయిదు దాటగానే ఇంటికొస్తాడు, మిగతా ఉద్యోగాల్లా అరవైకి కాదు. 1973కి ముందు ఆఖరి జీతంలో 70 శాతం పెన్షన్ వచ్చేది, మూడో పే కమిషన్ దాన్ని 50కి దించింది. ఒకే ర్యాంకు ఒకే పెన్షన్ అని నలభై ఏళ్లు అడిగాం. ఇస్తామని చెప్పని నాయకుడు లేడు. 2015లో జంతర్ మంతర్ దగ్గర మెడల్స్ పెట్టుకున్న ముసలివాళ్లు నెలల తరబడి కూర్చున్నాక నవంబర్ 7న ఆర్డర్ వచ్చింది, అందులోనూ కొన్ని పేచీలతో. ఇచ్చినందుకు సంతోషమే. అడిగించుకోకుండా ఇచ్చుంటే ఆ సంతోషం ఇంకోలా ఉండేది. ఇక యుద్ధంలో కాలుపోయినవాడికి వచ్చిన పెన్షన్ మీద ప్రభుత్వమే సుప్రీంకోర్టుదాకా అప్పీలుకెళ్లడం గురించి నేను రాస్తే బీపీ పెరుగుతుంది. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి వారంలోనే అలాంటి అప్పీళ్ల జాబితా తెప్పించుకోండి.

చివరిది మమ్మల్ని ఓట్లకి వాడొద్దు. పార్టీల పోస్టర్ల మీద సైనికుల ఫొటోలు వెయ్యొద్దని ఎన్నికల సంఘం 2013లో చెప్పింది, 2019లో మళ్లీ గుర్తుచెయ్యాల్సొచ్చింది. ఒక బ్యారక్‌లో నలభై మంచాలుంటే నలభై ఇళ్ల రాజకీయాలుంటాయి. నామ్, నమక్, నిషాన్ అని మాకో మాటుంది, రెజిమెంట్ పేరు, తిన్న ఉప్పు, పట్టిన జెండా. ఆ మూడింట్లో పార్టీకి చోటు లేదు.

శ్రీకాకుళం కుర్రాడి సంగతి మిగిలింది. ఆ విజిట్ అయిన రెండు నెలలకి డిపోకి అదనంగా రెండు బుఖారీలు, అంటే గది వెచ్చబెట్టే పొయ్యిలు, వాటికి కిరోసిన్ కోటా వచ్చాయి. ఒకటి ఖాళీ షెడ్డులో పెట్టి చుట్టూ తీగలు కట్టాం, బూట్లు వేలాడదియ్యడానికి. కిరోసిన్ లెక్కలు నావే కాబట్టి ఆ మంజూరు కాగితం నేనే చూశాను, దాని మీద మంత్రిగారి పేరు ఎక్కడా లేదు. ఆ తర్వాత డాక్‌లో వాడి పేరుమీద ఒక కవరొచ్చింది. హిందీలో రెండే లైన్లు. వాడికి చదవడం సరిగా రాక నాచేత చదివించుకున్నాడు. బూట్లు ఆరుతున్నాయా, ఇంకా బ్యాగులోనే పెట్టుకుంటున్నావా అని. "ఏం రాయమంటావ్?" అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, "ఆరుతున్నాయి గానీ షెడ్డంతా కంపు కొడుతోందని రాయండి సార్" అన్నాడు. అలాగే రాశాను.