తొట్టిలో చేపలు – 5వ పాఠం: ఆయాసపడే చేప

పోయిన పాఠంలో ఒక పని ఇచ్చాను. చేపలు కులాసాగా ఉన్నప్పుడు తొట్టి ముందు కూర్చొని, మొప్ప మూత 15 సెకన్లలో ఎన్నిసార్లు తెరుచుకుంటోందో లెక్కపెట్టి, దాన్ని నాలుగుతో హెచ్చవేసి నోటుబుక్కులో రాసుకోమన్నాను. ఆ అంకె ఇవాళ అక్కరకొస్తుంది. రాయనివాళ్లు ఈ పూటే రాసుకోండి. జబ్బు చేశాక మామూలు అంకె ఎంతో తెలుసుకునే దారి ఉండదు. నా పెద్ద గోల్డ్‌ఫిష్‌కు చలికాలంలో నిమిషానికి 70 చిల్లర, మే నెలలో 100 దాటుతుంది. ఒకే చేప, ఒకే తొట్టి. అందుకే రెండు కాలాల్లోనూ లెక్కపెట్టమంటాను.

ఎండాకాలంలో ఎందుకు పెరుగుతుంది? 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టుకోగలవు. 30 డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోతుంది. అదే వేడికి చేప ఒంటికి ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కావాలి. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన ఇల్లు లాంటిది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో కడపలో తొట్టి పెట్టుకున్న ప్రతి ఒక్కరికీ ఇది ఎదురయ్యేదే.

ముందు చూడాల్సింది ఒకటుంది. అన్ని చేపలూ ఒకేసారి పైకి చేరి నోళ్లు తెరుస్తుంటే, దాదాపు ఎప్పుడూ తప్పు నీళ్లదే. ఒక్కటే ఆయాసపడుతూ మిగతావి మామూలుగా తిరుగుతుంటే ఆ చేప మొప్పల్లోనే ఏదో ఉన్నట్టు. ఫైటర్, గౌరామి చేపలను ఈ లెక్కలోంచి తీసేయండి. వాటికి మొప్పలతో పాటు నేరుగా గాలి పీల్చుకునే అవయవం కూడా ఉంటుంది. మన కొర్రమీను కూడా అంతే, అందుకే కాసిని నీళ్లలోనే గంటల కొద్దీ బతికుంటుంది. ఇవి పైకొచ్చి ఒక గుక్క మింగి దిగిపోవడం సహజం. దిగకుండా పైనే వేలాడుతుంటే మాత్రం అనుమానించాలి.

నేను చేసిన పొరపాటు చెబుతాను, మీరు చేయకుండా ఉండాలని. ఒక మే నెలలో తెల్లవారుజామున లేచి చూస్తే నా నాలుగు గోల్డ్‌ఫిష్‌లూ తొట్టి మూలకు చేరి ఉన్నాయి. పెదవులు నీటి అంచుకు ఆనించి గుటక వేసినప్పుడల్లా చిన్నగా ‘చప్’ మని శబ్దం. మొప్ప మూతలు పూర్తిగా విచ్చుకున్నాయి. లోపల కనబడాల్సిన ఎరుపు లేదు, కాఫీ డికాషన్ కలిపినట్టు గోధుమ రంగు. ఆ రంగు ఏం చెబుతోందో నాకప్పుడు తెలియదు. దుకాణంలో అడిగితే నీలం మందు ఇచ్చారు, తెచ్చి తొట్టిలో పోశాను. సాయంత్రానికి రెండు పోయాయి.

అసలు కారణం నా చేతిలోనే ఉంది. అంతకు వారం ముందు ఫిల్టర్ స్పాంజిని కొళాయి కింద పెట్టి, తెల్లగా వచ్చేదాకా పిండి పిండి కడిగాను. స్పాంజిలో ఉండే బాక్టీరియా చేపలు వదిలే అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. కొళాయి నీళ్లలోని క్లోరిన్ దాన్ని చంపేస్తే నైట్రైట్ పేరుకుంటుంది. అది మొప్పల గుండా నెత్తురులోకి వెళ్లి హిమోగ్లోబిన్‌ను మార్చేస్తుంది. ఇక ఆ నెత్తురు ఆక్సిజన్‌ను మోయలేదు. నీళ్లలో ఆక్సిజన్ నిండుగా ఉన్నా చేపకు ఊపిరాడదు. గోధుమ రంగు మొప్పలు దాని గుర్తు. నీలం మందు, అంటే మిథిలీన్ బ్లూ, చెడ్డదని కాదు. దాన్ని వేరే చిన్న తొట్టిలో వాడాలి. అసలు తొట్టిలో పోస్తే మిగిలిన బాక్టీరియా కూడా దెబ్బతింటుంది. స్పాంజిని ఎప్పుడూ తొట్టి నీళ్లు బక్కెట్లోకి తీసుకుని వాటిలోనే పిండండి.

కాబట్టి మందు సీసా ముట్టుకోకముందు ఇవి చేయండి. మేత ఆపేయండి, పెరిగిన చేపకు రెండు మూడు రోజుల పస్తు ఏమీ చేయదు. ఎయిర్ పంపు గాలి పెంచండి. నీటి మట్టం రెండంగుళాలు తగ్గించి, ఫిల్టర్ నీళ్లు పైనుంచి దూకేలా చూడండి. ఆక్సిజన్ ఎక్కువగా కలిసేది నీటి పైభాగం కదిలినప్పుడే, బుడగల గొప్పతనం కూడా ఆ కదలికలోనే ఉంది. కరెంటు పోతే చెంబుతో తొట్టి నీళ్లే తీసి జానెడు ఎత్తు నుంచి పోస్తూ ఉండండి. చెయ్యి నొప్పి పుడుతుంది, కానీ చేపలు నిలబడతాయి. మొక్కలున్న తొట్టిలో అవి కూడా రాత్రంతా ఆక్సిజన్ వాడుకుంటాయి, అందుకే తెల్లవారుజాము గడ్డు సమయం.

తర్వాత మూడో వంతు నీళ్లు మార్చండి. యాంటీ క్లోరిన్ కలిపినవో, ముందురోజు బక్కెట్లో పట్టి గాలి ఆడించినవో పోయాలి. మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నీళ్లు చెయ్యి పెడితే చురుక్కుమంటాయి, నేరుగా పోయొద్దు. చల్లబరచాలంటే గడ్డకట్టిన నీళ్ల సీసాను మూత బిగించి తొట్టిలో తేలనివ్వండి. గంటకు ఒక డిగ్రీకి మించి దింపొద్దు.

పరీక్ష కిట్‌తో చూసి నైట్రైట్ అని తేలితే లీటరుకు ఒక గ్రాము కల్లుప్పు వేయాలి. ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ను మొప్పల్లోకి చొరబడనివ్వదు. తొట్టి లోపల 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, నీళ్లు 30 ఎత్తు ఉంటే మూడింటినీ హెచ్చవేసి 1000తో భాగించండి: 54 లీటర్లు. గులకరాళ్లకు కొంత తీసేస్తే 48 అనుకోండి. 48 గ్రాముల ఉప్పు తూచి, చెంబులో కరిగించి, మూడు దఫాలుగా పోయండి. నీళ్లు ఆవిరైనా ఉప్పు పోదు, కాబట్టి పైన నీళ్లు కలిపినప్పుడల్లా మళ్లీ ఉప్పు వేయకూడదు.

ఇంకో సంగతి మన ప్రాంతం వాళ్లు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. బోరు నీళ్ల చుక్క గాజు మీద ఆరితే తెల్ల మచ్చ పడుతుంది కదా, అది సున్నం. అందం కోసం కడప బండ ముక్కలు తొట్టిలో పేర్చేవాళ్లున్నారు. అది సున్నపురాయి, నెమ్మదిగా పీహెచ్‌ను, అంటే నీళ్లు ఆమ్లమో క్షారమో చెప్పే అంకెను, పెంచుతుంది. పీహెచ్ 7 నుంచి 8కి చేరితే అదే అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం దాదాపు 10 రెట్లు అవుతుంది. నెలల తరబడి నీళ్లు మార్చని తొట్టిలో పీహెచ్ బాగా పడిపోయి ఉండొచ్చు. అందులో ఒక్కసారిగా సగం బోరు నీళ్లు పోస్తే పీహెచ్ ఎగబాకి, ఉన్న అమ్మోనియా విషమయ్యే ప్రమాదం. అలాంటి తొట్టిలో రోజుకు పదో వంతు చొప్పున మార్చండి.

అరగంటకోసారి మొప్పలు లెక్కపెట్టి రాయండి. అంకె దిగుతూ వస్తే దారిలో ఉన్నట్టే. నీళ్లు బాగుండి కూడా ఒక్క చేపే ఆయాసపడుతూ, ఒక మొప్ప మూసుకుని, రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటుంటే అది పరాన్నజీవి పని కావచ్చు. వచ్చే పాఠం దాని గురించే. ఈలోగా మీ తొట్టి ఎన్ని లీటర్లో కొలిచి ఆ అంకెను గాజు మూల మీద రాసి అంటించండి. అమ్మోనియా, నైట్రైట్ పరీక్ష కిట్లు తెచ్చి ఇంట్లో పెట్టుకోండి.